వేరే వాటా

శనివారం మధ్యాహ్నం అమ్మ నా బట్టలన్నీ మంచం మీద పోసి సంచిలో సర్దడం మొదలుపెట్టింది. ఒక్క రోజు ప్రయాణానికి రెండు జతలు చాలు. అమ్మ మాత్రం నా స్కూలు స్వెట్టరు కూడా మడత పెట్టింది.

"అదెందుకు?" అన్నాను.

"ఉండనీ. అక్కడే ఉండిపోతే మళ్లీ ఎవరు తెచ్చిస్తారు? సర్దీలో పనికొస్తుంది" అంది నా వైపు చూడకుండా.

సముద్రం పక్కన స్వెట్టరు వేసుకునేంత చలి ఉండదు. ఆ సంగతి అమ్మకు తెలియదు. ఆమె పుట్టి పెరిగింది రాయపూర్ రైల్వే క్వార్టర్లలోనే. చెబుదామనుకుని ఊరుకున్నాను.

వారం కిందట బంగారత్త ఫోన్ చేసింది. నాన్నకు అక్క. పూసపాటిరేగ హైస్కూలుకు ఇప్పుడు ఆటోలు తిరుగుతున్నాయని, నన్ను పదో తరగతికి తన దగ్గరికి పంపమని అడిగింది. నాన్న ఫోన్ పెట్టేసి చాలాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత నన్ను పిలిచి, "నీ ఇష్టం లహరీ. ఆదివారం అమ్మా నువ్వూ వెళ్లి ఒక పూట ఉండి రండి. ఉండిపోవాలనిపిస్తే ఉండిపో. సాయంత్రం బయల్దేరేలోగా అత్తకి ఏదో ఒకటి చెప్పెయ్" అన్నాడు. రైల్వే వ్యాగన్ షాపులో ఆయనకు సెలవు దొరకలేదు. మా ఇద్దరికీ పాసు మాత్రం రాయించాడు. అమ్మకు టాటీబంధ్‌లో ఒక గోడౌన్లో ప్యాకింగ్ పని, సోమవారం మళ్లీ వెళ్లాలి. అందుకే రాత్రి బండికి వెళ్లి, మరునాటి రాత్రి బండికి తిరిగి రావడం.

నేనేం చెప్పాలో నాకు ముందే తెలుసు. "అత్తా, నేను ఉండిపోతాను." ఆ మాట డైరీలో కూడా రాసుకున్నాను. రాసి, ఎవరైనా చూస్తారేమోనని పేజీ తిప్పేశాను. నిజానికి మా ఇంట్లో నాన్న తప్ప తెలుగు చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు.

నాకు మూడేళ్లప్పుడు అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. చిన్నపిల్లను దగ్గర ఉంచుకోకూడదని డాక్టరు చెబితే నాన్న నన్ను అత్త దగ్గర వదిలి వచ్చాడు. ఆరు నెలల కోసమని వదిలాడట. అమ్మకు నయమయ్యేసరికి నేను అక్కడి బడిలో చేరాను. అత్తకూ జోగయ్య మావకూ పిల్లలు లేరు. ఎనిమిదో తరగతి అయ్యేదాకా నేనే వాళ్ల పిల్లను. మా ఊరి బడి అక్కడితో అయిపోతుంది కనుక నాన్న వచ్చి నన్ను రాయపూర్ తీసుకువచ్చాడు.

గుఢియారీ దగ్గర మా క్వార్టరు. రెండు గదులు, ముందు ఒక సిమెంటు అరుగు. స్కూల్లో అంతా హిందీ. కూడబలుక్కుని ఒక్క మాట అనేలోపు వెనక బెంచీ నవ్వేది. ఒక తరగతి వెనక్కి వేశారు. కొన్నాళ్లకు నేను మాట్లాడటమే మానేశాను. రాయపూర్ ఎండలో దండెం మీద బట్టలు చూస్తుండగానే కరకరలాడతాయి. ఊళ్లో బట్టలు ఎప్పుడూ కాస్త తడిగా, కాస్త ఉప్పగా ఉండేవి. ఆరిన గౌను తొడుక్కున్నప్పుడల్లా నాకు ఆ తడే గుర్తొచ్చేది. ఎవరికి చెప్పినా నవ్వుతారు.

పొద్దున్నే విజయనగరంలో దిగి బస్సెక్కాం. బస్సు దిగి షేర్ ఆటో. జీడితోటలు దాటాక సరుగుడు చెట్లు మొదలయ్యాయి. వాటి సందుల్లోంచి గాలి చల్లగా తగలగానే నేను లేచి నిలబడబోయి ఆటో పైకప్పుకు తల కొట్టుకున్నాను.

"అరే, ఆరామ్‌సే! ఊరు ఎక్కడికీ భాగిపోదు" అని అమ్మ నవ్వింది.

అత్త రోడ్డు మీదే నిలబడి ఉంది. నన్ను దింపి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఓలమ్మో! ఇదేటే గుంటా, ఎండు నెత్తళ్లలాగ అయిపోనావు! రాయపూర్‌లో నీకు కూడెట్టట్లేదేటి?"

"అదేం తింటుంది వదినా? రెండు రోటీలు, బస్. మూడోది పెడితే మూతి తిప్పుతుంది" అంది అమ్మ.

"రొట్టెలు తింటే ఒంటికి పడతాదేటి ఊర్మిలా? నువ్వూ అలాగే ఉన్నావు. రండి, రండి."

అత్త ఇల్లు తుపాను తర్వాత ప్రభుత్వం కట్టించిన వరసలో ఉంది. ముందు గది, వెనక వంట. నేను పడుకునే మూల అలాగే ఉంది. కాకపోతే అక్కడ చాప బదులు కొత్త మడతమంచం వేసి ఉంది. పైన పువ్వుల దుప్పటి. అత్త దాన్ని చేత్తో ఒకసారి సరిచేసింది.

"మీ మావ పూసపాటిరేగ ఎల్లి తెచ్చినాడు. పది సదివే గుంట కింద పడుకుంటే బాగోదని."

అమ్మ ఆ మంచం వైపు చూసి, "బాగుంది వదినా, మజ్బూత్‌గా ఉంది" అంది. తర్వాత నా సంచి తీసి దాని పక్కనే పెట్టింది.

అప్పుడే చెప్పేయవలసింది. అత్త ఎదురుగానే ఉంది. కానీ అమ్మ కూడా అక్కడే ఉంది. సాయంత్రం దాకా వ్యవధి ఉంది కదా అనుకున్నాను.

ఆ పూట ఎంత నెమ్మదిగా గడిచిందో. చద్దన్నంలో నెత్తళ్ల వేపుడు తిన్నాం. అమ్మ ముళ్లు ఏరుతూ కూర్చుంటే, "అయి ఏరకూడదు, నమిలీయాల" అని అత్త తన కంచంలోంచి ఒకటి తీసి నమిలి చూపించింది. మావ ముంజెలు కొట్టి తెచ్చాడు. అమ్మ ముంజె తోలు గోళ్లతో వలుచుకుని తిందామని చూసింది. బొటనవేలు గుచ్చి జుర్రుకోవాలని తెలియక నీళ్లన్నీ చీర మీద పోసుకుంది.

"సెల్లెమ్మా, అది ముంజికాయి, ఉల్లిపాయి కాదు" అన్నాడు మావ.

"అన్నయ్యా, మా దగ్గర సీతాఫలం ఇలాగే తింటాం. మీరొచ్చినప్పుడు నేనూ నవ్వుతాను, యాద్ పెట్టుకోండి!"

అత్త నా తలకు నూనె రాసి రెండు జడలు వేసింది. వేస్తున్నంతసేపూ ఊరి కబుర్లు. నాతో చదివిన నవ్య వాళ్ల గేదె ఈనింది. ఇసక తిన్నె ఈసారి ఇళ్ల దగ్గరికి జరిగింది. బళ్లో కొత్త మాస్టారు, తనకు ఈత రాదని పిల్లలు నవ్వారని, నేర్చుకోవడానికి దిగి ఉప్పునీళ్లు తాగాడు. నేను కళ్లు మూసుకుని వింటున్నాను. ఇదంతా నేను వదిలి వెళ్లిన చోటు నుంచే మళ్లీ మొదలైనట్టుంది. ఒక్కటే తేడా, ప్రతి కబురూ నేను లేనప్పుడు జరిగింది.

భోజనాలయ్యాక అత్తకు కునుకు పట్టింది. అమ్మా నేనూ చాప తీసుకుని సరుగుడు తోటలోకి వెళ్లాం. అమ్మ పడుకుని, తోటకు అవతల కనిపిస్తున్న నీళ్ల వైపు తల తిప్పింది. పగటిపూట అమ్మ పడుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ప్యాకింగ్ టేపు కోసుకుపోయి ఆమె వేళ్ల చివర్లు నల్లగా గీతలు పడి ఉన్నాయి.

"నీకు యాద్ ఉందో లేదో" అంది. "నా తబియత్ బాగయ్యాక నిన్ను తీసుకుపోదామని వచ్చాను. నువ్వు అత్త వెనక దాక్కున్నావు. ఆవిడ చీర పట్టుకుని, ఎవరీవిడ అని అడిగావు."

"నాకు గుర్తు లేదు."

"చిన్నదానివి, ఎలా ఉంటుంది? లాక్కుని పోవచ్చు. మీ నాన్న లాగమనే అన్నాడు. నీ మొహం చూసి నాకు హిమ్మత్ రాలేదు. సంచీలో నీకోసం తెచ్చిన లడ్డూలు ఇచ్చేసి రైలెక్కాను. రైల్లో ఒకావిడ, మీకు పిల్లలెందరు అని అడిగింది. ఏం చెప్పాలో తెలీక నిద్ర వచ్చినట్టు నటించాను." అమ్మ ఇదంతా నవ్వుతూనే చెప్పింది. "అందుకే చెబుతున్నా. ఇప్పుడు పెద్దదానివయ్యావు. నా మొహం చూసి ఏదీ మాట్లాడకు. నీ దిల్‌లో ఏముంటే అది చెప్పు. ఠీక్?"

తల ఊపాను. ఆమె కాసేపటికి నిజంగానే నిద్రపోయింది. సముద్రం హోరు వింటూ నేను ఆమె పక్కనే కూర్చున్నాను. ఇన్నాళ్లూ అమ్మే నన్ను వద్దనుకుందని అనుకున్నాను. ఎవరూ అలా చెప్పలేదు. నేనే అనుకున్నాను.

ఎండ వాలుతుండగా ఒడ్డు నుంచి కేకలు వినిపించాయి. అలివి వల ఒడ్డుకు లాగుతున్నారు. పడవ మీద వెళ్లి సముద్రంలో చుట్టూ వల వేసి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకు తెస్తారు. వాటిని రెండు వరసల్లో మనుషులు పట్టుకుని లాగాలి. మా ఊళ్లో పద్ధతి ఏమిటంటే, తాడు పట్టిన ప్రతి ఇంటికీ ఒక వాటా చేపలు. ఇంట్లోంచి ఒకరు పట్టినా నలుగురు పట్టినా వాటా ఒకటే. చుట్టాలొచ్చి చెయ్యి వేసినా వాళ్లు దిగిన ఇంటి వాటాలోకే వస్తారు. అన్నదమ్ములు వేరుపడి పొయ్యి వేరు పెట్టుకుంటే తప్ప ఎవరూ ఇంకో వాటా అడగరు. మా నాన్న చిన్నారావు రాయపూర్‌లో ఉద్యోగం చేస్తున్నా, పెళ్లయ్యాక కూడా, సెలవుకు వచ్చి తాడు పడితే అత్త ఇంటి వాటాలోనే లెక్క.

మేం వెళ్లేసరికి అత్తా మావా అప్పటికే ఒక వరసలో ఉన్నారు. నేను పరిగెత్తి నవ్య వెనక తాడు అందుకున్నాను. కాళ్లు ఇసకలో దిగబడగానే ఒళ్లంతా తేలికైంది. ఆ పని నా చేతులు మరిచిపోలేదు.

అమ్మ కొంగు నడుముకు చుట్టి అవతలి వరసలో దూరింది.

"ఏటమ్మా రాయపూరావిడా!" అని అరిచాడు భీమారావు మావ. వల లాగించేదీ వాటాలు పెట్టేదీ ఆయనే. "అందరూ ఎనక్కి లాగుతుంటే నువ్వు ముందుకెల్తావేటి? సేపల్ని పలకరించి వొస్తావేటి?"

"ఎవరు ముందు, ఎవరు వెనక సమఝ్ అవట్లేదు భయ్యా! మా రైలే నయం, పట్టాలుంటాయి!"

రెండు వరసలూ గొల్లుమన్నాయి. అమ్మ ఇటు తిరిగి, మడమలు తన్ని లాగడం మొదలుపెట్టింది. ఒకసారి జారి కూలబడింది. లేచి మళ్లీ పట్టుకుంది. పక్కన వాళ్లు పాట అందుకుంటే మాటలు రాకపోయినా "హైసా" దగ్గర గొంతు కలిపింది.

"మీయమ్మ బలే ఉందే" అంది నవ్య. "ఇన్నేళ్లూ ఎందుకు రానేదే?"

నేను తాడు గట్టిగా లాగాను.

వల ఒడ్డుకొచ్చేసరికి పొద్దు దిగిపోతోంది. ఎక్కువ కవ్వళ్లు, కొన్ని కానాగంతలు, కొన్ని రొయ్యలు. భీమారావు మావ ఇసక మీద కుప్పలు పోసి ఇళ్ల పేర్లు పిలవసాగాడు. అమ్మ కొంచెం దూరంలో నిలబడి రెండు అరచేతులూ తెరిచి చూసుకుంటోంది. తాడు ఒరుసుకుని తోలు లేచిపోయింది. తడి ఇసక అంటి మండుతోందేమో, చేతులు విదిలించి మళ్లీ చూసుకుంది. ఎవరూ తనను చూడటం లేదనుకుంది.

"జోగయ్య ఇల్లు!" అన్నాడు భీమారావు మావ. అత్త తట్ట ముందుకు పెట్టింది. కుప్ప తట్టలో పడింది. ఆయన తర్వాతి పేరు పిలవబోయాడు.

"భీమారావు మావా" అన్నాను. "మా అమ్మకి వేరే వాటా పెట్టు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. క్లాసులో హాజరు కూడా గట్టిగా పలకని దాన్ని, అంతమంది మధ్య అరిచాను.

"ఏటన్నావే గుంటా?"

"మా అమ్మ కూడా లాగింది."

"లాగింది. నాను సూడనేదేటి? మీ అత్త వాటాలో ఉంది కదేటి." ఆయన నవ్వుతూ అత్త వైపు తిరిగాడు. "ఏటి బంగారమ్మా? సిన్నారావు ఏరుపడిపోనాడేటి? మాకు సెప్పనేదే!"

వెనక ఎవరో నవ్వారు. అత్త నవ్వలేదు. తట్ట అంచు రెండు చేతులతో పట్టుకుని నా వైపే చూస్తోంది. అప్పుడు తెలిసింది నేనేం అడిగానో. ఆ పద్ధతి నాకు తెలియనిది కాదు. చిన్నప్పుడు చుట్టాల పిల్లలకు నేనే చెప్పేదాన్ని. కాదు, ఊరికే అన్నాను అనాలి. ఒక్క మాట. నోరు తెరిచాను కూడా. అమ్మ చీరకు చేతులు తుడుచుకోవడం కనిపించి మళ్లీ మూసుకున్నాను.

"ఎట్టు" అంది అత్త. "ఏరే వాటా ఎట్టీ భీమారావు. గుంట అడిగింది కదా."

ఆయన నవ్వు ఆపేసి రెండు దోసిళ్లు తీశాడు. "సిన్నారావు ఇల్లు" అన్నాడు, ఈసారి మెల్లగా. మా ఊరి ఒడ్డు మీద ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు.

అమ్మ దగ్గర తట్ట లేదు. కొంగు పట్టింది. చేపలు అందులో ఎగిరెగిరి పడుతుంటే, "అరే బాప్‌రే! ఇన్ని మనకేనా? లహరీ, చూడు, బతికే ఉన్నాయి!" అని చిన్నపిల్లలా నవ్వింది. అక్కడేం జరిగిందో ఆమెకు తెలియలేదు.

ఇంటికొచ్చాక అత్త వెనక దొడ్లో కత్తిపీట వేసుకుని ముందు మా చేపలే తోమడం మొదలుపెట్టింది. అమ్మ లోపల చేతులు కడుక్కుంటోంది. నేను వెళ్లి అత్త ఎదురుగా కూర్చున్నాను.

"అత్తా, నేను అలా అనుకుని అడగలేదు."

"ఎలా అనుకుని అడిగినావు మరి?"

"అమ్మ చేతులు..."

"సూసినాను." ఆమె చేప పొట్ట చీల్చి పక్కన పెట్టింది. "ఎలా అనుకున్నా నోట్లోంచి అదే వొచ్చింది. ఈ ఊళ్లో పెరిగిన గుంటవి, నీకు తెలీదేటి?"

"కోపం వచ్చిందా?"

"కోపం కాదే." ఇంకో చేప అందుకుంది. "మీ నాన్న పెల్లయి వొచ్చినప్పుడు అనుకున్నాను, ఈడు ఇప్పుడడుగుతాడు ఏరే వాటా అని. ఎప్పుడు తాడట్టినా గుండెలు అదిరిపోయేవి. అడిగితే ఒడ్డు మీదే ఏడిసీస్తానేమో అని. ఆడు అడగనేదు. ఒక్కసారీ అడగనేదు. నువ్వడిగినావు."

ఆమె ఏడవలేదు. ఉప్పు చేతిలోకి తీసుకుని ఒక్కో చేపకూ లోపలా పైనా రాసింది. "బండిలో పాడైపోకుండా గట్టిగా ఎట్టీసినాను. ఎల్లగానే కడిగి పులుసు పెట్టీ. మీయమ్మకి సేప వొండటం వొచ్చునేటి?"

"సరిగ్గా రాదు."

"నీకొచ్చు కదా. నేర్పీ."

"అత్తా, నేను ఉండిపోతాను" అని ఇంకా అనవచ్చు. అంటే ఆమె కాదనదని తెలుసు. కానీ అది ఒడ్డు మీద అన్నదాన్ని వెనక్కి తీసుకున్నట్టే అవుతుంది. అమ్మ కొంగులో పోసినవి మళ్లీ అత్త తట్టలో పోసినట్టు. అక్కడే కూర్చుని, అత్త వేళ్ల మధ్య పొలుసులు మెరవడం చూస్తూ ఉండిపోయాను.

అమ్మ బయటికి వచ్చింది. "చెప్పావా అత్తకి?" అని అడిగింది. మొహం మామూలుగా ఉంచుకోవడానికి చాలా ప్రయత్నిస్తోంది.

నేను తల దించుకున్నాను. అత్తే చెప్పింది.

"గుంట నీతోనే వొస్తాది ఊర్మిలా."

అమ్మ గోడకు చెయ్యి ఆనించి, చురుక్కుమన్నట్టుంది, వెంటనే తీసేసింది. "వదినా, మీరు మంచం కూడా తెచ్చారు..."

"ఉంటాదిలే మంచం. ఎక్కడికెల్తాది? సెలవులకి పంపు. సుట్టాలు వొచ్చినట్టు వొచ్చి ఎల్తాది."

సుట్టాలు. ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఆ మాట అనలేదు ఇప్పటిదాకా.

మావ ఆటో పిలుచుకొచ్చాడు. ఆయనకు ఒడ్డు మీద మాట గురించి కోపమో బాధో, నాకు తెలియలేదు. నా తల మీద చెయ్యి వేసి, "సదువుకో" అన్నాడంతే. అత్త చేపల పొట్లం అమ్మ చేతికిచ్చి, నా జడలు రెండూ ముందుకు వేసి, లోపలికి వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర నిలబడుతుందనుకున్నాను. నిలబడలేదు.

ఆటో సరుగుడు తోట దాటుతుంటే కుడివైపు చెట్ల సందుల్లో నీళ్లు బూడిదరంగుగా కనిపించి పోతున్నాయి. దిగిపోవాలనిపించింది. ఎంతగా అంటే, ముందున్న ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. పట్టుకోకపోతే నా కాళ్లు నన్ను అడగకుండా దూకేసేవి. ఇప్పుడు అత్త పొయ్యి రాజేస్తుంటుంది. ఇద్దరికే బియ్యం కడుగుతుంటుంది.

అమ్మ నన్నే చూస్తోంది.

"ఆటో ఆపమందామా?" అని అడిగింది. ఉత్తినే అడగలేదు. అప్పుడే డ్రైవరు భుజం మీద తట్టడానికి చెయ్యి ఎత్తింది కూడా.

వద్దన్నట్టు తల ఊపాను. అమ్మ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, మెల్లగా కిందికి దిగింది. జీడితోటలు వచ్చాయి. గాలిలో ఉప్పు వాసన పలచబడింది. అది పూర్తిగా పోయేదాకా నేను ఊపిరి గట్టిగా పీలుస్తూనే ఉన్నాను.